రెప్ప వేయని లబ్ధిదారు

మా స్వామికి ఆకలి వేస్తుందని రుజువు చూపించమని నన్ను అడిగింది నాకు యాభై ఎనిమిదేళ్లు నిండాక. అంతకుముందు ఎవరూ అడగలేదు. నాకూ ఆ అనుమానం రాలేదు.

వెలగలంకలో వేణుగోపాలస్వామి కోవెలకు నేను వంటవాణ్ణి. పెద్ద క్షేత్రం కాదు. రెండు కాలువల మధ్య ఊరు, ఊరి చివర కోవెల. నా పేరు శఠకోపాచార్యులు. చదువు ఎనిమిదో తరగతితో ఆగింది. పొద్దున్నే స్నానం చేసి, దండెం మీద విడిగా ఆరిన పంచె కట్టుకుంటే నేను మడిలో ఉన్నట్టు. ఇక ఆరగింపు అయ్యేదాకా, అంటే స్వామికి నైవేద్యం పెట్టేదాకా, ఎవరినీ దేనినీ ముట్టుకోకూడదు. ముట్టుకుంటే మళ్లీ స్నానం, మళ్లీ పంచె. ఇందులో నా గొప్ప ఏమీ లేదు. పెద్దవారింటికి వెళ్లేటప్పుడు కాళ్లు కడుక్కున్నట్టే ఇదీనూ.

అర్చకులు దేశికాచార్యులు నాకు బావగారు, నా భార్య కనకవల్లికి అన్నగారు. మధ్యాహ్నం ఆయన తెర వేసి ఆరగింపు పెడతారు. తెర తీశాక ఆ ప్రసాదం మండపంలో కూర్చున్న ముసలమ్మలకు వడ్డిస్తాం. వాళ్లలో చాలామందికి ఆ రోజుకి అదే భోజనం. వాళ్లందరికీ పెద్ద మంగాయమ్మ. నోరు పెద్దది, ఆకలి చిన్నది. వాళ్లు తిన్నాక నేనూ కనకవల్లీ ఇంటికి పోయి తింటాం. స్వామి తినకుండా మా ఇంట్లో ఎవరూ ముద్ద ఎత్తరు. కాబట్టి స్వామి భోజనం ఆగితే వెలగలంకలో చాలా భోజనాలు ఆగుతాయి.

ఎక్కడో ఒక కోవెలలో ఎవరో స్వామి బియ్యం ఇంటికి పట్టుకుపోయారట. ఆ మనిషిని పట్టుకోవడం కష్టమని, అన్ని కోవెలల్లోనూ దేవుడి భోజనాన్ని కంప్యూటర్‌లో పెట్టాలని పై ఆఫీసు నిర్ణయించింది. పథకం పేరు సమగ్ర నైవేద్య ప్రమాణీకరణ. మా కోవెల మీద అధికారి పురంధరరావుగారు. ఊరంతా ఈవోగారంటుంది. ఆయన మండపంలో నిలబడి ఆ ఉత్తర్వు చదివారు. ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, ఇకపై వండినవారు, సమర్పించినవారు, స్వీకరించినవారు తమ తమ గుర్తింపును యంత్రమునందు నమోదు చేయని పక్షంలో బియ్యం విడుదల చేయబడదు. నేను 'స్వీకరించినవారు' అన్నచోట తలెత్తి చూశాను. ఆయన అప్పటికే కింది పేరాకి వెళ్లిపోయారు.

పురంధరరావుగారు చెడ్డవారు కారు. చిన్నప్పటినుంచీ ఉత్తర్వులు చదివి చదివి ఆయన మాటే అలా అయిపోయింది. ఒకసారి ఆయన కోవెలలో కాలు జారి పడ్డారు. లేవనెత్తబోతే, నడుము ప్రాంతమందు నొప్పి సంభవించినది అన్నారు.

ముందు మాకు శిక్షణ ఇచ్చారు. చుట్టుపక్కల కోవెలల అర్చకులు, వంటవాళ్లు, సన్నాయి వాయించేవాళ్లు, పూలదండలు కట్టేవాళ్లు, అందరం కల్యాణమండపంలో చేరాం. మాలో నలభై దాటనివాడు ఒక్కడూ లేడు. నేర్పడానికి జిల్లా నుంచి ఫణికుమార్ అని ఒకాయన వచ్చాడు. మర్యాదస్తుడు. మౌస్ చూపించి, దీన్ని చేత్తో పట్టుకుని మెల్లగా తిప్పండి, తెర మీద బాణం తిరుగుతుంది అన్నాడు.

మొదట మా బావగారిని పిలిచారు. ఆయన దాన్ని భక్తిగా చేతిలోకి తీసుకుని, గాలిలోకి ఎత్తి, కంప్యూటర్ ముందు కుడివైపుగా గుండ్రంగా తిప్పారు. ఎడమ చెయ్యి దానంతట అదే గంట కోసం వెతికింది. బాణం కదల్లేదు. ఆయన మరోసారి తిప్పి, కళ్లకద్దుకుని, పక్కవాళ్లకి అందివ్వబోయారు. తీగ చాలలేదు. తరువాత వచ్చినవాళ్లు కూడా అలాగే తిప్పారు కాబట్టి ఎవరూ నవ్వలేదు. ఫణికుమార్ మాత్రం కాసేపు బయటికి వెళ్లి వచ్చాడు.

రెండుసార్లు టకటకా నొక్కమంటే నాకు కుదిరేది కాదు. ఒకసారి నొక్కి, ఊపిరి తీసుకుని, రెండోసారి నొక్కేవాణ్ణి. జపం చేసిన చెయ్యి, తొందర పడదు. ఇక పాస్‌వర్డ్ సంగతి. అందులో ఒక పెద్ద అక్షరం, ఒక చిన్న అక్షరం, ఒక అంకె, ఏ భాషలోనూ పలకలేని గుర్తు ఒకటి ఉండాలట. ఎవరికీ చెప్పకూడదు, ఎక్కడా రాయకూడదు. ఇది నాకు వెంటనే అర్థమైంది. మా గురువుగారు మంత్రం ఉపదేశించినప్పుడూ చెవిలో చెప్పి ఇదే మాట అన్నారు. అయితే నెలనెలా మార్చాలి అని ఫణికుమార్ అనేసరికి తికమక పడ్డాను.

"మార్చాక పాతదానితో పిలిస్తే పలకదా బాబూ?"

"పలకదండి. తలుపు మూసేస్తుంది."

"మరి నిన్నటిదాకా పలికిందిగా?"

"భద్రత కోసమండి," అన్నాడతను.

ఆ తరువాత యంత్రం నన్ను మనిషివేనా అని అడిగింది. మనిషినని గుర్తు పెట్టాను. నమ్మలేదు. కొన్ని బొమ్మలు చూపించి, వీటిలో సిగ్నల్ దీపాలు ఎక్కడున్నాయో చెప్పు అంది. వెలగలంకలో సిగ్నల్ దీపం లేదు. ఒక బొమ్మలో పొడుగాటి స్తంభం, దాని మీద దీపం ఉంటే, కార్తికమాసంలో మేం ధ్వజస్తంభానికి కట్టే ఆకాశదీపం అనుకుని దాన్ని నొక్కాను. మళ్లీ అడిగింది. ఇన్నేళ్లలో నన్ను చూసి వంటవాడివేనా అని అడిగినవాళ్లున్నారు, మనిషివేనా అని ఎవరూ అడగలేదు. పైగా అడుగుతున్నది మనిషి కాదు. ఈ న్యాయం ఏమిటో నాకు అర్థం కాలేదు.

చివరికి అందరికీ సాంకేతిక సాధికారత సర్టిఫికెట్లు ఇచ్చారు. పరీక్ష మా అందరి తరఫునా ఫణికుమారే రాశాడు. మేం రాస్తే తన లక్ష్యం నెరవేరదన్నాడు.

పథకం మొదలైన రోజు పొద్దున్నే స్నానం చేసి, మడి కట్టుకుని వెళ్లాను. బియ్యం ఉన్న కొట్టుగదికి కరెంటు తాళం వేశారు. ఆఫీసు గదిలో యంత్రం మీద నా వేలు పెడితే అది తెరుచుకుంటుంది. ఆ యంత్రాన్ని అందరూ ముట్టుకుంటారు. నేను వేలు పెట్టగానే నా మడి పోయింది. మళ్లీ స్నానం చేసి, ఇంకో పంచె కట్టుకుని కొట్టుగదికి వచ్చేసరికి తలుపు మూసుకుపోయింది. ఇచ్చిన సమయం అయిపోయిందట. మళ్లీ వేలు పెట్టాను. మళ్లీ మడి పోయింది. ఈసారి కాలువ దాకా పరుగెత్తి, మునిగి, మళ్లీ పరుగెత్తి వచ్చాను. తలుపు ఇంకా తెరిచే ఉంది కానీ, బియ్యం ముట్టినట్టు ఇంకోసారి వేలు పెడితేగాని బస్తా బయటికి తీయకూడదు. పెట్టాను. తడివేలు, గుర్తు పట్టలేను అంది. తుడుచుకుని పెట్టాను. అప్పుడూ పట్టలేదు. వేడి గిన్నెలు దించి దించి నా వేళ్ల మీది గీతలు ఎప్పుడో అరిగిపోయాయి, ఆ మిగిలిన కాసినీ ఇన్ని స్నానాలకు ముడతలు పడ్డాయి.

ఫోన్ చేస్తే ఫణికుమార్, వేలిని నుదుటికి రాసుకుని పెట్టండి, కాస్త జిడ్డు తగిలితే పడుతుంది అన్నాడు. మంచి సలహానే. కాని నా నుదుట తిరునామం ఉంది. ఆ తెల్లమట్టి కాస్తా యంత్రం అద్దం మీద అంటుకుంది. అది ఒకసారి కీచుమని ఆ పూటకి పడుకుంది. ఈవోగారు వచ్చి చూసి, మడి అను అంశమునకు సాఫ్ట్‌వేర్‌లో నిబంధన పొందుపరచబడలేదు అన్నారు. చేతికి తొడుగు వేసుకోవచ్చు కదా అన్నారు. తొడుగు వేసుకుంటే వేలు పడదని ఆయనకే తట్టి, ఈ విషయం పరిశీలనలో ఉంచబడుతుంది అని వెళ్లిపోయారు.

అప్పటికి ఎండ నడినెత్తి మీదికి వచ్చింది. మండపంలో ముసలమ్మలు విస్తళ్లు ముందు పెట్టుకుని కూర్చున్నారు. తడిపంచెతో నేను అటూ ఇటూ పోతుంటే మంగాయమ్మ పిలిచింది.

"ఏవండీ ఆచారిగారూ, ఇయ్యాల సామికి నెట్టు రాలేదాండీ?"

నా చేతి మీదుగా స్వామికి పూట తప్పుతోందని అప్పుడే తెలిసింది. అదే సమయానికి కనకవల్లి మడి కట్టుకుని, మా ఇంటి బియ్యం గిన్నెలో పోసుకుని వచ్చింది. దారిలో అన్నీ విన్నట్టుంది.

"మనింటి బియ్యం మనం పెట్టుకోడానికి ఎవరి వేలు కావాలండీ? పొయ్యి వెలిగించండి."

వెలిగించాను. ఆ రోజు ఆరగింపు ఆలస్యమైంది కానీ తప్పలేదు. స్వామికి చిన్న గిన్నె, ముసలమ్మలకు తలో ముద్ద. కంప్యూటర్‌లో మాత్రం ఆ రోజు స్వామి పస్తు.

కొన్నాళ్లకు దేవుడి దయవల్ల నా ఎడమచేతి చిటికెనవేలు పడింది. ఈవోగారు సంతోషించి, దానిని ప్రత్యామ్నాయ వేలుగా గుర్తించారు. స్నానాలకు లెక్క లేకపోయినా బియ్యం బయటికి వచ్చాయి. మా బావగారి బొటనవేలు మొదటిసారికే పడింది. ఇక కష్టాలు గట్టెక్కాయనుకుంటుండగా తలుపు మళ్లీ తెరుచుకోవడం మానేసింది. యంత్రం మీద ఎర్రగా ఒక వాక్యం: లబ్ధిదారు ధ్రువీకరించలేదు.

ఈవోగారు నన్నూ మా బావగారినీ కూర్చోబెట్టి ఓపికగా వివరించారు. వండినవారి వేలు ఉంది, సమర్పించినవారి వేలు ఉంది, స్వీకరించినవారి వేలు లేదు. స్వీకరించినట్టు ఆధారం లేనప్పుడు సదరు నైవేద్యం దారి మళ్లినట్టు పరిగణించబడుతుంది.

"స్వామి స్వీకరిస్తారని మా నమ్మకమండి," అన్నాను.

"నమ్మకానికి కాలమ్ లేదు ఆచార్యులుగారూ."

దాంతో యంత్రాన్ని స్వామి దగ్గరికి తీసుకువెళ్లాలని తేలింది. మా బావగారు దానికి సంప్రోక్షణ చేశారు. అంటే మంత్రజలం చల్లారు. ఎక్కువ చల్లకండి, కరెంటు వస్తువు అని గడప అవతలి నుంచి ఈవోగారు హెచ్చరించారు. పట్టుబట్టలో చుట్టి లోపలికి తీసుకువెళ్లి, మురళి మీద ఉన్న స్వామి వేలికి ఆనించారు. వేలు శుభ్రం చేసి మళ్లీ ప్రయత్నించండి అంది యంత్రం. మా బావగారు చెప్పింది చెప్పినట్టు చేసే మనిషి. పాలతో, పెరుగుతో, తేనెతో స్వామి వేలికి అభిషేకం చేసి, తుడిచి, చందనం అద్ది మళ్లీ ఆనించారు. ఈసారి యంత్రం ఏమీ అనలేదు. దానికి తేనె అంటుకుంది.

వేలు లేనివారికి ముఖం చూపించే పద్ధతి ఉందని ఈవోగారు నిబంధనలు వెతికి చెప్పారు. అందుకు పుట్టిన తేదీ కావాలి. శ్రావణ బహుళ అష్టమి, ద్వాపరయుగం అన్నారు మా బావగారు. యంత్రంలో ద్వాపరయుగం లేదు. అందులో అన్నిటికన్నా పాత సంవత్సరం ఏది ఉంటే అది వేశారు. అప్పుడు స్వామి వయసు నూరు దాటింది. నూరు దాటినవారు తాము జీవించి ఉన్నట్టు రుజువు సమర్పించవలెను అంది యంత్రం.

మా బావగారు ఈ మాట విని చెవులు మూసుకున్నారు. ఈవోగారికి కూడా కొంచెం ఇబ్బందిగానే అనిపించినట్టుంది. చెప్పులు విప్పే ఉన్నా కాళ్లు మళ్లీ కడుక్కుని వచ్చారు. ఇది లాంఛనప్రాయమైన ప్రక్రియ మాత్రమే, పింఛను తీసుకునే మా నాన్నగారు కూడా ఏటేటా చేస్తారు అని మెల్లగా చెప్పారు. ఆఫీసులోని ట్యాబు కెమెరాను ముఖం ముందు పెట్టాలి. ముఖం కనబడగానే అది ఒక్కటే అడుగుతుంది: కళ్లు ఆర్పండి. ఆర్పితే బతికున్నట్టు.

మా బావగారు ట్యాబు పట్టుకుని లోపల నిలబడ్డారు. ఈవోగారు గడప దగ్గర, నేను తెర తాడు దగ్గర. మండపంలో ముసలమ్మలు లేచి నిలబడి చూస్తున్నారు. స్వామి ముఖం అద్దంలో చక్కగా కనిపించింది. కళ్లు ఆర్పండి, అని ట్యాబు ఆడగొంతుతో అడిగింది. ఎంతసేపు అడిగినా స్వామి అలాగే చూస్తున్నారు. కళ్లు ఆర్పండి, కళ్లు ఆర్పండి.

నేను ఉండబట్టలేక ఈవోగారికి మనవి చేసుకున్నాను.

"అయ్యా, దేవతలు రెప్ప వేయరండి. అదే వాళ్లకి గుర్తు. వేస్తే మనలాంటివాళ్లే అవుతారు."

ఆ మాట ఆయనకూ తెలుసు. చిన్నప్పుడు ఇంట్లో విన్నదే అయి ఉంటుంది. కాని దాన్ని పై ఆఫీసుకి ఏ మాటల్లో రాయాలో తెలియలేదు. చివరికి, తెరను త్వరితగతిన వేసి తీసినచో రెప్ప వేసిన భావన కలుగవచ్చును అన్నారు. తాడు లాగాను. తెర పడింది, లేచింది, పడింది, లేచింది. ముఖం స్థిరంగా ఉంచండి అంది ట్యాబు. మంగాయమ్మ వెనక నుంచి, సామికి దిష్టి తీస్తన్నారేటండీ అని అడిగింది.

వెలుతురు చాలడం లేదేమో, కర్పూరం వెలిగించి చూడండి అన్నారు ఈవోగారు. మా బావగారు ఒక చేత్తో హారతి, ఒక చేత్తో ట్యాబు పట్టుకున్నారు. రెండూ ఒకేసారి తిప్పకుండా ఉండడం ఆయనకు చేతకాలేదు. హారతితో పాటు ట్యాబు కూడా తిరిగి, అద్దం ఆయన వైపు వచ్చింది. కర్పూరం పొగ కళ్లలో పడి ఆయన గబగబా రెప్పలు ఆర్పారు. టింగుమని గంట మోగింది.

అభినందనలు, శ్రీ వేణుగోపాలస్వామి జీవించి ఉన్నారు, అంది ట్యాబు. పక్కన మా బావగారి బొమ్మ పడింది.

ఈవోగారు నుదుటి చెమట తుడుచుకుని, లక్ష్యం నెరవేరినది అన్నారు. మా బావగారు మాత్రం గర్భాలయంలోనే చతికిలబడ్డారు. చెల్లెలు ఎంత ఓదార్చినా, అపచారం, మహాపచారం అని ఆ రోజు మంచినీళ్లు కూడా ముట్టలేదు. ఈవోగారిని అడిగి ఆ బొమ్మ తీయించమని నన్ను బతిమాలారు. అడిగాను. ఒకసారి దేవుడిగా నమోదైన వ్యక్తిని తొలగించే అధికారం తమకు లేదన్నారు.

ఇక యంత్రం లెక్కలో మా బావగారు రోజూ తనకు తానే నైవేద్యం పెట్టుకుని తానే తింటున్నారు. యంత్రం అమాయకురాలు కాదు, ఆ సంగతి త్వరలోనే పట్టేసింది. సమర్పించువారు, స్వీకరించువారు ఒకరే అయినందున ఇద్దరి ఖాతాలూ స్తంభింపజేయడమైనది. కొట్టుగది తలుపు ఇక తెరుచుకోలేదు. మా బావగారికి సంజాయిషీ అడుగుతూ ఉత్తరం వచ్చింది. స్వామికి కూడా ఒకటి వచ్చింది. రెండూ మా బావగారి చేతికే ఇచ్చారు, ముఖం ఒకటే కాబట్టి.

బియ్యం ఆ గదిలోనే పురుగు పట్టాయి. తాళం అవతల ఎలుకలకు మాత్రం ఏ వేలూ అక్కరలేకపోయింది. ఈవోగారు పై ఆఫీసుకి రాశారు. వాళ్లు విచారణకు ఆదేశించారు. విచారణాధికారి లాగిన్ అవడానికి పాస్‌వర్డ్ రాలేదు.

మా ఇంటి బియ్యం ఎన్నాళ్లని వస్తాయి? ఒకరోజు కనకవల్లి డబ్బా అడుగు గీకుతుంటే మంగాయమ్మ కొంగులో గుప్పెడు బియ్యం మూటగట్టుకుని వచ్చింది. రేషన్ బియ్యం. మిగతా ముసలమ్మలూ తలో గుప్పెడు తెచ్చారు. ఆ తరువాత వీధిలో వాళ్లు చింతపండు, బెల్లం, ఒకరు నెయ్యి పంపారు. నేను ఒకే ఒక్కసారి స్నానం చేసి, ఒకే ఒక్క పంచెతో వంట పూర్తి చేసుకుంటున్నాను. స్వామికి ఒక్కపూట కూడా తప్పలేదు. పాస్‌వర్డ్ ఏమిటో మరిచిపోయాను. మంత్రం గుర్తుంది.

ఏడాది చివర పై ఆఫీసు వాళ్లు అన్ని కోవెలల వివరాలూ కంప్యూటర్‌లో చూశారు. నెలల తరబడి వెలగలంక కోవెలలో వాడిన బియ్యం సున్నా. దుర్వినియోగం సున్నా. లబ్ధిదారు నుంచి ఫిర్యాదులు సున్నా. లబ్ధిదారు జీవించే ఉన్నట్టు రుజువు సక్రమంగా ఉంది. ఇంత పొదుపుగా నడుస్తున్న కోవెల జిల్లాలో ఇంకోటి లేదని మా కోవెలను ఆదర్శ దేవాలయంగా ప్రకటించి, ఈవోగారిని సన్మానానికి పిలిచారు. మిగతా కోవెలలు కూడా ఈ పద్ధతి అనుసరించాలని ఉత్తర్వు వస్తుందట.

సన్మానం జరిగిన రోజు మధ్యాహ్నం దాటాక ఆయన తిరిగివచ్చారు. మెడలో దండ, భుజాన శాలువా, ముఖం మాత్రం వాడిపోయి ఉంది. అక్కడ విందు ఏర్పాటు చేశారుగాని, ముఖం చూపించినవారికే విస్తరి వేసే కొత్త పద్ధతి పెట్టారట. సర్వర్ పనిచేయలేదట. పెద్ద అధికారులతో సహా అందరూ చప్పట్లు కొట్టి ఇళ్లకు వెళ్లారు.

మేం అప్పుడే తెర తీసి ప్రసాదం వడ్డిస్తున్నాం. ఆయన గుమ్మం దగ్గర కాసేపు నిలబడ్డారు. నా చేతిలో గిన్నెను చూశారు. ఆ గిన్నెలో బియ్యం ఎక్కడివని అడగవలసిన మనిషే ఆయన. అడగలేదు. శాలువా మడిచి పక్కన పెట్టి, వెళ్లి ముసలమ్మల వరసలో చివర కూర్చున్నారు.

"ఆచార్యులుగారూ, కాస్త ఏమైనా మిగిలిందా?"

ఆయన తన కోసం మామూలు తెలుగులో అడగగా నేను వినడం అదే మొదలు. విస్తరి వేసి వడ్డించబోతుంటే మంగాయమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆగండాగండి. సామినైతే అన్నేసి అడిగారు కదా. ఈ బాబు బతికున్నట్టు రుజువేదండీ?"

ముసలమ్మలు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఈవోగారు తల వంచుకుని విస్తరినే చూస్తున్నారు. ప్రసాదం కోసం కూర్చున్నవాణ్ణి ఏదైనా అడిగే అలవాటు మా వంశంలో లేదు. మంగాయమ్మ చేతిని తప్పించి పులిహోర వడ్డించాను. ఆయన ఆత్రంగా ముద్ద నోట్లో పెట్టుకున్నారు. అందులో ఎండుమిరపకాయ ఉంది కాబోలు. ముఖం ఎర్రబడింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. రెప్పలు గబగబా కొట్టుకున్నాయి.

మంగాయమ్మ ముందుకు వంగి ఆయన ముఖంలోకి శ్రద్ధగా చూసింది.

"బతికే ఉన్నారండి. ఇంకో గరిటె వెయ్యండి."

వేశాను.